ఫిడేలు పెట్టె ఎడమ పక్క

పోయిన వారం ఒక పాట పనిమీద రికార్డింగు గదికి వెళ్ళాను. పిల్లలకు కీబోర్డు నేర్పుకుని బతికేదాన్ని నేను. అప్పుడప్పుడు చర్చి పాటలకు వాయించమని పిలుస్తుంటారు. ఆ గది నడిపే యువకుడు మంచివాడే కానీ కాస్త మాటలెక్కువ. "మేడమ్, ఇది వినండి. పాతకాలం స్ట్రింగ్స్ మిషను. అసలుది ఇప్పుడు యాడా దొరకదు, ధ్వని మాత్రం కంప్యూటరులోకి ఎక్కించినారు. దీనికోసం జనం పడి చస్తున్నారు" అంటూ నా ముందున్న కీబోర్డు మెట్ల మీదికి చెయ్యి చూపించాడు. నేను రెండు చేతులా నొక్కాను.

"నిజం వయొలిన్లు కావు. వయొలిన్ల మాదిరి కూడా ఉండదు. అయినా మనసు పట్టేస్తాది. ఏంటికంటారు మేడమ్?" అని అడిగాడు. అతని మాట నాకు సగమే వినబడింది. బల్లమీది నీళ్ళ సీసా వైపు చూస్తున్నాను, లోపలి నీళ్ళు అదురుతున్నాయా అని. అదరలేదు, అవి చిన్న స్పీకర్లు. అయినా నా ఎడమ చెయ్యి దానంతట అదే వెనక్కు వచ్చేసి ఒళ్ళో కూర్చుంది. ఆ రోజంతా నాకు స్థిమితం లేదు. ఇంటికొచ్చి అన్నం పెట్టుకుని తినకుండానే మూతపెట్టాను.

ఇంతకాలం ఈ సంగతి ఎవరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పలేదు. నా తప్పు ఉన్న చోట కొంచెం దాటవేసి చెప్పేదాన్ని. ఈసారి దాటవెయ్యను.

మేము బంగారు గనుల ఊళ్ళో, గని కూలీల కోసం కట్టిన లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. వెదురు తడికెకు మట్టి మెత్తిన గోడలు, పైన రేకులు. ముందొక గది, వెనకొక వంటిల్లు, ఆ వెనక చారెడు పెరడు. గనులు మూసేసి అప్పటికి ఏడాది దాటింది. షిఫ్టు వేళకు మోగే సైరను మోగడం మానేసింది. లైనులో సగం ఇళ్ళు ఖాళీ. మాకు అటు పక్క ఇంటివాళ్ళు వెళ్ళిపోయారు, ఇటు పక్క ఒక అక్క మాత్రం ఉండేది.

ఆ ఏడాదంతా పెద్దవాళ్ళ మాటలు వినీ వినీ నాకు కడుపులో ఏదో ఒక భయం ఉండేది. కుళాయి దగ్గర ఒకరు "మళ్ళీ తెరుస్తారంట" అంటే, ఇంకొకరు "తెరిచేదీ లేదు ఏమీ లేదు, ఇండ్లు ఖాళీ చెయ్యమంటారంట" అనేవారు. ఎవరు అన్నారంటే ఎవరికీ తెలీదు. పన్నెండేళ్ళదాన్ని, బడికి పోతూ వీధి మలుపులో ఆగి వెనక్కు చూసేదాన్ని, సాయంత్రం వచ్చేసరికి మా ఇల్లు ఉంటుందా అని. నవ్వొస్తుంది కదూ? అప్పుడు రాలేదు.

మా నాయన గని లోపల కరెంటు పని చేసేవాడు. గని పోయాక తెల్లవారకముందే మొదటి బండెక్కి బెంగళూరుకు పోయి ఏదో వర్క్‌షాపులో పనిచేసి వచ్చేవాడు. అమ్మ రాబర్ట్‌సన్‌పేటలో ఒక బట్టల అంగట్లో మిషను కుట్టేది. ఇంట్లో మిగిలేది నేనూ, అవ్వా. అవ్వ అంటే నాయనను కన్నతల్లి. పొట్టి మనిషి, చెవులు బాగా మందం. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తేగానీ వినబడేది కాదు. కానీ వీధిలో లారీ పోతే మాకంటే ముందే ఆమెకు తెలిసేది. "ఏదో పెద్దబండి వస్తా ఉండాది" అని అరికాలు నేలకు గట్టిగా ఆనించి చెప్పేది.

ఆ చలికాలం వాసనలు ఇప్పటికీ నా ముక్కులోనే ఉన్నాయి. అనపకాయల కాలం అది, చిక్కుడు జాతి కాయలవి. కామసముద్రం వైపునుంచి గోనెలకు గోనెలు వచ్చేవి. ఒలిచేటప్పుడు వేళ్ళకు అంటుకునే జిడ్డు ఎంత కడిగినా పోదు, ఆ వాసన కూడా పోదు. నానబెట్టిన గింజను అవ్వ రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడేది, తొక్క చేతిలో ఉండేది. నేను చేస్తే పప్పు వెళ్ళి పొయ్యి వెనక పడేది. "నీ చేతికి పని కాదు, పాటే" అని అవ్వ తిట్టేది. ఆ పితికిపప్పు పులుసూ, వేడి రాగి సంగటీ తిని, దుప్పటి కప్పుకుని కూర్చుంటే చలి బయటే ఉండిపోయేది. దానికి తోడు క్రిస్మస్ దగ్గర పడుతుండటంతో, లైనులో ఎవరో ఒకరింట్లో నూనె కాగుతుండేది. అచ్చులతో గులాబీ పువ్వుల పిండివంట వేయించే వాసనకు మేము పిల్లలం ఆ ఇంటి ముందు ఊరికే అటూ ఇటూ తిరిగేవాళ్ళం, పిలవరా అని.

ఇక ఫిడేలు పెట్టె సంగతి. ఆ పేరు మా లైనువాళ్ళు పెట్టిందే. అసలు పేరు ఇంగ్లీషులో దాని నుదుటి మీద రాసి ఉండేది, అక్షరాలు సగం రాలిపోయాయి. ఆఫీసర్ల క్లబ్బులో ఉండేది అది. నాయన చర్చిలో హార్మోనియం వాయించేవాడని తెలిసి, క్లబ్బులో విందులున్నప్పుడు పిలిచి దాని ముందు కూర్చోబెట్టేవారు. క్లబ్బు మూసేసే రోజుల్లో ఎవరో పెద్దాయన "నువ్వే కదా వాయించేది, ఇక్కడుంటే ఎలుకలు కొరుకుతాయి, పట్టుకుపో" అన్నాడట. తోపుడుబండి మీద దుప్పటి కప్పి తెచ్చాడు నాయన. దానితోపాటు నా ఎత్తున్న ఒక స్పీకరు పెట్టె కూడా. "మనుషులకే జాగా లేదు, దీన్ని యాడ పెడతావురా?" అని అవ్వ కోప్పడింది. ముందు గదిలో, వంటింటి గోడకు ఆనించి పెట్టాడు.

అందులో తాళం వచ్చేది కాదు, వేణువు వచ్చేది కాదు. ఇప్పటి కీబోర్డుల్లో ఉండే వంద రకాల గోల ఏదీ లేదు. ఉన్నదల్లా ఫిడేళ్ళే. సన్నవి కొన్ని, లావువి కొన్ని. చలికి అది సరిగ్గా పలికేది కాదు, అరగంట ముందు స్విచ్చి వేసి వేడెక్కనివ్వాలి. నాయన మొదట ఒక్క మెట్టు నొక్కి చూపించాడు. గది ఉన్నట్టుండి పెద్దదైపోయినట్టు అనిపించింది నాకు. తడికె గోడలు, రేకులు, ఉతికిన బట్టల తాడు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, కానీ నేను మాత్రం ఇంకెక్కడో ఉన్నాను.

"ఇది ఫిడేలు కాదమ్మా" అన్నాడు నాయన. "పదిమంది ఫిడేలోళ్ళు ఒకే పాట వాయిస్తే, ఒక్కొక్కరు ఒక రవ్వ అటూ ఇటూ పోతారు గదా? ఆ తప్పును పట్టి దీంట్లో పెట్టినారు. తప్పు తీసేస్తే ఇంగ దీంట్లో ఏమీ లేదు." మెట్ల పక్కన ఒక మీట ఉండేది, దాన్ని కిందికి లాగితే ఆ వణుకు పోయి, చప్పగా, దోమ పాడినట్టు వినిపించేది. మళ్ళీ పైకి తోస్తే ప్రాణం వచ్చేది. నేను ఆ మీటను పైకీ కిందికీ ఆడిస్తూ గంటలు గంటలు గడిపేదాన్ని. బెల్లం చేతులతో ముట్టుకుని రెండు మెట్లు అంటుకుపోయేట్టు చేసి, నాయన స్పిరిటు దూదితో తుడుస్తుంటే ఏమీ తెలియనట్టు నిలబడేదాన్ని కూడా.

ఎడమ పక్క చివర మెట్లకు మాత్రం వేరే ఎర్ర స్విచ్చి ఒకటి ఉండేది. అది వేస్తే ఆ మెట్లు మంద్రంగా పలికేవి. తెచ్చిన రోజే నాయన దాన్ని వేసి నొక్కాడు. రేకులు గజగజమన్నాయి, వంటింట్లో అలమర మీది గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. వెనక పొయ్యి దగ్గరున్న అవ్వ లేచి గుంజను పట్టుకుంది. ముఖంలో నెత్తురు లేదు. నాయన చప్పున చెయ్యి తీసేసి, పరుగున పోయి ఆమె చెవిలో అరిచాడు, "ఏమీ లేదమ్మా, పెట్టె, పెట్టె శబ్దం!" తర్వాత ఆ ఎర్ర స్విచ్చి మీద నల్ల టేపు అంటించాడు. "అవ్వ ఇంట్లో ఉండేటప్పుడు దీన్ని ముట్టద్దు. బెదురుకుంటాది" అని నాతో అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

అమ్మను అడిగాను. క్రిస్మస్‌కు పిండివంటలు చుడుతూ అమ్మ మెల్లగా చెప్పింది. గని లోపల, చాలా లోతులో, బండ ఉన్నట్టుండి పగులుతుంది. ఏర్‌బ్లాస్టు అనేవారు దాన్ని. పైన ఊళ్ళో ముందు తెలిసేది గిన్నెలకే. గిన్నెలు అదిరితే ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి, గనిలోకి దిగే బావి లాంటి షాఫ్టు దగ్గరికి పోయేవారు. దిగేముందు ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చేవారు, దానిమీద అతని నంబరు. పైకి వచ్చినవాడు బిళ్ళ తిరిగి ఇస్తే షిఫ్టు హాజరు రాసే టైమాఫీసులో బోర్డు మీద తగిలించేవారు. బోర్డులో ఏ నంబరు మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. "మీ తాత మేకు మూడు దినాలు ఖాళీగా ఉన్నింది" అంది అమ్మ. "మీ అవ్వ మూడు దినాలూ ఆడనే కూసున్నింది. దినామూ ఎవురో ఒకరు ఇంటినుంచి కొత్తగా సంగటి తెచ్చిస్తే, వచ్చినాక తింటాడని క్యారేజీలో మార్చి పెట్టుకుంటా ఉన్నింది. మూడో దినం శవాన్ని పైకి తెచ్చినారు."

అంటే నాకు తెలుసు. తెలియక చేశానని అనుకోవద్దు.

ఆ శనివారం అమ్మ అంగడికి పోయింది. నాయన బెంగళూరులో ఉన్నాడు, శనివారం కాబట్టి కొంచెం ముందుగా వస్తాడు. పక్కింటి అక్క సంతకు పోయింది. క్రిస్మస్ ఆరాధనలో ఒక పాటకు నన్నే వాయించమన్నాడు నాయన, అదే మొదటిసారి. వారం రోజులుగా అన్నం సయించడం లేదు నాకు. అందరి ముందూ తప్పు వాయిస్తే? వేళ్ళు వణికితే? మధ్యాహ్నం సంగటి తిన్నాక అవ్వ పెరట్లో ఎండకు కూర్చుని అనపగింజలు పితుకుతోంది. నేను ముందు గదిలో పెట్టె ముందు కూర్చున్నాను.

నాలుగైదుసార్లు వాయించాను. తప్పులు లేవు. కానీ పాట నిలబడటం లేదు, కాళ్ళు లేనట్టు తేలిపోతోంది. ఎడమ పక్క మంద్రం లేకపోతే అంతే అది. టేపు అంచు కొంచెం లేచి ఉంది. గోటితో గీకాను. అవ్వ పెరట్లో కదా ఉంది, చెవులు కూడా వినబడవు కదా, మెల్లగా పెట్టుకుంటే ఏమవుతుంది, అని నాకు నేనే చెప్పుకున్నాను. టేపు ఊడి వచ్చింది.

మెల్లగానే మొదలుపెట్టాను. ఆ మంద్రం కిందినుంచి లేచి పైనున్న ఫిడేళ్ళన్నిటినీ ఎత్తి పట్టుకుంది. నా వీపు జలదరించింది. ఇంకొంచెం పెంచాను. కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు వాయించానో నిజంగా తెలియదు. ఆ కాసేపు మాత్రం ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయమూ లేదు, నాయన బండి ఆలస్యమవుతుందన్న భయమూ లేదు. అట్లాంటి మధ్యాహ్నం నాకు ఆ ఏడాదిలో అదొక్కటే.

వంటింట్లో అలమర మీదినుంచి స్టీలు లోటా ఒకటి కింద పడి దొర్లింది. అప్పుడు చెయ్యి తీశాను.

లోటా తీసిపెడదామని వంటింట్లోకి పోయాను. పెరటి తలుపు తెరిచి ఉంది. ఎండలో అనపగింజల గిన్నె బోర్లా పడి ఉంది, పప్పంతా మట్టిలో. అవ్వ చెప్పులు అక్కడే ఉన్నాయి. అవ్వ లేదు. "అవ్వా!" అని అరిచాను, ఆమెకు వినబడదని తెలిసీ. దడి తలుపు వీధివైపుకు తెరిచి ఉంది. తిరిగి లోపలికొచ్చి చూస్తే గోడకు తగిలించి ఉండే చిన్న క్యారేజీ లేదు. పొయ్యి మీద చట్టిలో సంగటి ముద్ద ఒకటి తక్కువగా ఉంది.

నేను మొదట చేసిన పని ఏమిటో చెప్పాలి. అవ్వను వెతకడానికి పరుగెత్తలేదు. ముందు గదిలోకి పోయి, ఎర్ర స్విచ్చి ఆపేసి, ఆ నల్ల టేపును మళ్ళీ అంటించాను. తొందరలో వంకరగా అంటుకుంది. బొటనవేలితో అదిమి అదిమి పెట్టాను. తర్వాతే వీధిలోకి వచ్చాను.

అప్పుడే పక్కింటి అక్క సంతనుంచి సంచీతో వస్తోంది. నా ముఖం చూసి, "ఏమైందే?" అంది.

"అవ్వ కనపడలేదక్కా."

"యాడికి పోయినాది? నువ్వేం చేస్తా ఉంటివి?"

"నిద్దర పోతా ఉంటిని" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

అక్క సంచీ అక్కడే పడేసింది. "చర్చి కాడికి పోయుంటాది, లేకపోతే మీ అమ్మను చూడను పేటకు పోయుంటాది. ముసలోళ్ళకు ఒగొగ తూరి అట్ల బుద్ధి పుడతాది. నేను పేటకు పోతా, నువ్వు చర్చి కాడ చూడు" అని గబగబా పోయింది. ఆమె తప్పు దారిన పోతోందని నాకు తెలుసు. క్యారేజీ తీసుకుని ఎవరూ చర్చికి పోరు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు, చెబితే టేపు సంగతి కూడా చెప్పాలి.

నేను ఒక్కదాన్నే షాఫ్టు వైపు పరుగెత్తాను. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడు దిబ్బలనుంచి వచ్చే గాలికి కళ్ళలో దుమ్ము పడుతోంది. దారిపొడవునా ఒకటే ఆలోచన. షాఫ్టు చుట్టూ వేసిన కంచెను ఇనుము కోసం అక్కడక్కడా కోసుకుపోయారని నాయన చెప్పాడు. దాని నోటిమీద పలకలు వేశారా, లేదా? వేసినా ఆ పలకలు గట్టివేనా? అవ్వకు సాయంత్రం చూపు ఆనదు. 'దేవా, దేవా, ఇంకెప్పుడూ దాన్ని ముట్టను, అవ్వను ఒక్కసారి చూపించు' అని మొక్కుకుంటూ పరుగెత్తాను. చెప్పు తెగిపోతే అక్కడే వదిలేశాను.

గేటు దగ్గర కాపలాదారు ఉన్నాడు. ఆయనా ఒకప్పుడు లోపల పనిచేసినవాడే, కన్నడం కలిపి మాట్లాడేవాడు. "మీ అజ్జినా?" అన్నాడు నేను అడక్కముందే. "ఆడ టైమాఫీసు కాడ కూసోనుండాది. పొమ్మంటే పోదు. గని మూసేసినారజ్జీ అంటే, నాకు తెలుసు అంటాది. మళ్ళీ నంబరు చెప్పి, బిళ్ళ వచ్చిందా చూడు అంటాది. నేనేం చేసేది పాపా?"

మూతపడిన టైమాఫీసు కిటికీ కింద మెట్టు మీద అవ్వ కూర్చుని ఉంది. పాదాలు దుమ్ము కొట్టుకుని, ఒక కాలి వేలినుంచి నెత్తురు కారి ఎండిపోయింది. ఒళ్ళో క్యారేజీ, దానిమీద కొంగు కప్పింది, వేడి పోకుండా. నన్ను చూసి ఆమె ముఖంలో కోపం వచ్చింది. "నువ్వేంటికొచ్చినావు? పిల్లోళ్ళు రాకూడదు ఈడికి. ఇంటికి పో" అంది.

చెవిలో నోరు పెట్టి, "గని మూసేసినారు కదవ్వా!" అన్నాను.

"తెలుసు. అదిరింది గదా? అదిరితే రావల్ల" అంది. ఇంత చిన్న సంగతి నాకు తెలియదా అన్నట్టు చూసింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎంత లాగినా లేవలేదు.

ఆమె పక్కనే కూర్చున్నాను. ఎండ తగ్గుతోంది, చలిగాలి మొదలైంది. అవ్వ దగ్గుతోంది, దుప్పటి తేవాలని కూడా తోచలేదు నాకు. ఎవరో చెప్పినట్టున్నారు, కాసేపటికి అమ్మా నాయనా పక్కింటి అక్కా పరుగున వచ్చారు. నాయన బండి దిగి ఇంటికి కూడా పోలేదు, చేతిలో అన్నం డబ్బా సంచీ అట్లాగే ఉంది. అవ్వ ముందు గొంతుక్కూర్చుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మా, ఏమీ అదరలేదు. నీకు అట్ల అనిపించింది, అంతే" అన్నాడు.

అవ్వ నాయన వైపు చూసింది. "నా చేతి కింద గోడ అదిరింది. గిన్నెలు అదిరినాయి. నాకు పిచ్చి పట్టింది అంటావా?" అంది. నాయన తల వంచుకున్నాడు.

అమ్మ నాయనను కొంచెం పక్కకు పిలిచింది. అవ్వకు వినబడదు కనుక మెల్లగా మాట్లాడాల్సిన పని లేదు, నాకు అంతా వినబడింది. "రేపట్నుంచి బయట బీగం ఏసుకుని పోవల్ల. ఇంగ ఏం చేసేది చెప్పు? పాప బడికి పోతే ఎవురు చూస్తారు? ఆ గుంతలో పడింటే?" అమ్మ ఏడుస్తోంది. అక్క కూడా, "పెద్దాసుపత్రిలో చూపీండన్నా, ముసలితనానికి బుద్ధి మారిపోతుంది" అంది. నాయన సంచీని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "అంతే చెయ్యాలేమో" అన్నాడు చివరికి.

ఎండకు పెరట్లో కూర్చుని పప్పు పితుక్కునే మనిషి. ఆమెను లోపల పెట్టి తాళం వేస్తారు. పిచ్చిదని లైనంతా అనుకుంటారు. అంతా నేను అంటించిన ఆ టేపు వల్ల.

"అదిరింది నాయనా" అన్నాను. "నేనే. టేపు పీకినాను."

నాయన నా వైపు చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. "అవ్వకు చెప్పు" అన్నాడు.

అవ్వ చెవి దగ్గర నోరు పెట్టాను. మామూలుగా చెబితే వినబడదు, తప్పును గొంతెత్తి అరిచి చెప్పాలి, కాపలాదారు వింటూ ఉండగా, అక్క వింటూ ఉండగా. "అవ్వా, నేనే! ఫిడేలు పెట్టె! ఎడమ పక్కది నొక్కినాను! బ్లాస్టు కాదు!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను.

అవ్వ నన్ను చూసింది, నాయనను చూసింది. "పెట్టెనా?" అంది. నాయన తల ఊపాడు. ఆమె చెయ్యి క్యారేజీ మీదినుంచి జారింది.

"అయితే లోపల ఎవురూ లేరా?"

"లేరమ్మా" అని నాయన ఆమె చెవిలో అన్నాడు.

"ఎవురూ?"

"ఎవురూ లేరు" అన్నాడు నాయన కళ్ళు తుడుచుకుంటూ.

అవ్వ లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. క్యారేజీని కాపలాదారు చేతికిచ్చి, "చల్లగైపోయింది. తినప్పా, పారేయద్దు" అంది. ముందు ఆమె నడిచింది, వెనక మేము.

ఇంటికొచ్చాక నాయన దీపం వెలుగులో ఆ టేపును చూశాడు. వంకరగా, అంచులు ముడతలుపడి ఉంది. "నువ్వు చెప్పకపోయింటే నేను మా అమ్మకు బీగం ఏసేవాణ్ణి" అన్నాడు. ఆ ఒక్క మాటే. పెట్టెను నానుంచి తీసేసుకోలేదు, పాట వాయించవద్దని కూడా అనలేదు. క్రిస్మస్ నాడు వాయించాను, బాగానే వాయించానని అన్నారు. నాకేమీ గుర్తులేదు.

అవ్వ ఆ తర్వాత రెండేళ్ళు ఉంది. ఆమె పోయాక నాయన ఆ పెట్టెను పల్లెవైపు ఒక చిన్న చర్చికి ఇచ్చేశాడు, అక్కడ ఎన్నాళ్ళు పలికిందో తెలియదు. ఇప్పుడు నాయన కూడా లేడు. అవ్వ నాపై కోపం పెట్టుకుందా అని అమ్మ అప్పుడప్పుడూ అడిగేది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. మూడో రోజు జరిగింది మాత్రం అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని వేళ, అవ్వ చెయ్యి తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. స్పీకరు పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుంది. "ఆ ఎడమ పక్కది ఒగ తూరి నొక్కు" అంది.

నేను ఆమె చెవి దగ్గరికి వంగాను. "వద్దవ్వా, నాయన తిడతాడు" అన్నాను.

"నొక్కమ్మా. నేను యాడికీ పోనులే."

టేపు తీశాను. తలుపు గడియ పెట్టి వచ్చాను, ఆమె లేచి పరుగెడితే అడ్డం పడదామని. చివరి మెట్టు ఒక్కటే నొక్కాను. అవ్వ అరచెయ్యి తెరిచి స్పీకరు పెట్టెకు ఆనించింది. ఆమె గాజులు సన్నగా మోగాయి. కళ్ళు మూసుకుంది. ఆ ముఖం నేను షాఫ్టు దగ్గర చూసిన ముఖమే, కానీ భయం లేదు. ఎదురుచూస్తున్న మనిషి ముఖం.

హార్మోనియం అయితే తిత్తి ఊదడం ఆపితే ఆగిపోతుంది. ఈ పెట్టెలో అట్లా కాదు, వేలు తీసేదాకా ఆ ధ్వని తగ్గకుండా అట్లాగే నిలబడి ఉంటుంది. నాకు వేలు నొప్పి పుట్టింది, మణికట్టు లాగింది. "చాలా అవ్వా?" అని ఆమె చెవిలో అడిగాను.

"ఇంగ కొంచేపు" అంది అవ్వ కళ్ళు తెరవకుండానే. "ఇంగా పైకి రాలేదు గదా."

నేను వేలు తియ్యలేదు.